మసీదులో మైకు, కెమెరా, ఇన్వర్టర్: బిగించే పని ఎవరికి ఇవ్వాలి?

మసీదు కమిటీ చందాలు పోగుచేసి ఆంప్లిఫైయర్, హారన్లు, నాలుగు సీసీ కెమెరాలు, ఇన్వర్టర్ కొంటుంది. బిగింపు ఖర్చు దగ్గరికి వచ్చేసరికి "మన కుర్రాడే చేసేస్తాడులే, ఖిద్మత్ కదా" అన్న మాట వస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ చందా డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

ముందు మైకు సంగతి. జుమా ఖుత్బా మధ్యలో మైకు కీచుమంటే చాలామంది ఆంప్లిఫైయర్ పాడైందనుకుంటారు. తరచుగా తప్పు స్పీకర్ పెట్టిన చోటులో ఉంటుంది. ఇమాం సాబ్ మైకు మీదకే స్పీకర్ శబ్దం తిరిగి వస్తే అది మళ్ళీ మళ్ళీ పెరిగి కూతగా మారుతుంది. మిహ్రాబ్ గోడ వంపు, పైన గుంబద్ ఆ శబ్దాన్ని ఇంకా పోగుచేస్తాయి. పని తెలిసినవారు ముందువైపు ఒక్క పెద్ద స్పీకర్ పెట్టరు. పక్క గోడల వెంబడి చిన్న కాలమ్ స్పీకర్లు పెట్టి, ఒక్కోదాని సౌండ్ తగ్గించి ఉంచుతారు. అప్పుడు చివరి సఫ్‌లో ఉన్న పెద్దాయనకు కూడా మాట స్పష్టంగా వినిపిస్తుంది.

మీనార్ హారన్ల విషయంలో లెక్క తప్పితే ఆంప్లిఫైయరే కాలిపోతుంది. 8 ఓమ్‌ల హారన్లు నాలుగింటిని పక్కపక్కన కలిపితే లోడ్ 2 ఓమ్‌లకు పడిపోతుంది. చాలా ఆంప్లిఫైయర్లు దాన్ని తట్టుకోలేవు. దూరం వైరింగ్‌కు 100 వోల్టుల లైన్, ప్రతి హారన్‌కు ట్రాన్స్‌ఫార్మర్ వాడడం సరైన పద్ధతి. 30 వాట్ల హారన్లు నాలుగైతే 120 వాట్లు. ఆంప్లిఫైయర్ అంతకన్నా కొంచెం ఎక్కువ సామర్థ్యం ఉన్నది కావాలి.

ఇందులో చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటి లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పగలు వాడాలన్నా అనుమతి కావాలి. అందుకే లోపలి స్పీకర్లకు, మీనార్ హారన్లకు వేర్వేరు స్విచ్‌లు పెట్టించుకోవాలి. ఫజర్ వేళ మౌజన్ సాబ్ వైర్లు పీకాల్సిన అవసరం ఉండదు.

ప్రాణం మీదకు వచ్చేది కరెంటు పని. వజూఖానాలో తడి చేతులు, తడి నేల, పక్కనే మోటార్. అక్కడ సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి అనుకోవాలి. ఇన్వర్టర్ బ్యాటరీని మెట్ల కింద మూసిన గదిలో పెట్టొద్దు. చార్జ్ అయ్యేటప్పుడు దాన్నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర్లో ఊదు వెలిగించడం ప్రమాదం.

కెమెరాల దగ్గర అడగాల్సింది హార్డ్‌డిస్క్ లెక్క. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా చేరే సంస్థలు ఫుటేజీని 30 రోజులు ఉంచాలంటోంది. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే నాలుగూ కలిపి రోజుకు దాదాపు 86 జీబీ. అంటే 1 టీబీ డిస్క్ పదకొండు రోజులకే నిండి, పాతది చెరిగిపోతుంది. చందా పెట్టె పోయిన సంగతి నెలాఖరులో తెలిస్తే అందులో చూడటానికి ఏమీ ఉండదు.

పాస్‌వర్డ్ సంగతి ఇంకోటి. బిగించిన కుర్రాడికి వీసా వచ్చి గల్ఫ్ వెళ్ళిపోతే కెమెరా బాక్స్ తెరిచేవాళ్ళే ఉండరు. కంపెనీ ఇచ్చిన పాత పాస్‌వర్డ్ అలాగే వదిలేస్తే బయటివాళ్ళు ఎవరైనా చూడొచ్చు. ఆడవాళ్ళ నమాజ్ గది వైపు కెమెరా ఉంటే ఆ నష్టం చెప్పనక్కర్లేదు.

కూలి ఇచ్చి చేయించినా కళ్ళు మూసుకోకూడదు. పని మొదలుకాకముందే రాతపూర్వకంగా ధర, పని పూర్తయ్యాక వైరింగ్ పటం, బిల్లు, వారంటీ కాగితాలు, పాస్‌వర్డ్‌లు కమిటీ చేతికి రావాలి. చివరి బాకీ చెల్లించేముందు మౌజన్ సాబ్‌తో ఒకసారి మొత్తం నడిపించి చూడాలి: ముందు మిక్సర్, ఆ తర్వాత ఆంప్లిఫైయర్ ఆన్, ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫైయర్.