క్షమాపణ

క్షమాపణకు మూలం సంస్కృతంలోని ‘క్షమ్’ ధాతువు. ఓర్చుకోవడం, సహించడం దాని అర్థం. భూమికి ‘క్షమ’ అన్న పేరూ ఇందులోనుంచే వచ్చింది.

వాడుకలో ఇది తప్పు చేసినవాడి వైపు మాట: క్షమాపణ చెబుతారు, కోరుతారు. తెలుగు క్రైస్తవుల నోట మాత్రం ఎదుటి వైపుకు తిరిగింది. ‘పాపక్షమాపణ’ అంటే దేవుడిచ్చేది, విశ్వాసి పొందేది. బైబిలును తెలుగు చేసే పని సంగతికి వస్తే, విశాఖపట్నంలో 1805లో అడుగుపెట్టిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. ఆ పనిలో ఆనందరాయర్ అనే ఆయన వారికి తోడయ్యాడు.

కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఈ క్షమాపణకు వాడిన ‘అఫెసిస్’కు విడిచిపెట్టడం, బాకీ కొట్టివేయడం అని అర్థం. మత్తయి 6వ అధ్యాయంలోని ప్రార్థనలో తప్పులను ఋణాలన్నారు. ఓర్పు, బాకీ మాఫీ రెండూ తెలుగు మాటలో కలవడం నిజంగా అందమైన సంగతి.

క్షమాపణకు జతగా నిలిచే మాట ‘ఉద్దేశించు’. ఆదికాండం 50వ అధ్యాయం 20వ వచనంలో యోసేపు అన్నల కీడు తలపుకూ, దేవుని మేలు తలపుకూ హీబ్రూలో ఒకే క్రియ ఉంది. తెలుగు బైబిలూ ఒకే క్రియను నిలిపింది. అన్నల చేతుల్లో బానిసగా అమ్ముడుపోయిన యోసేపు, వారు చేసింది కీడేనని దాచకుండా చెప్పాడు. వారినీ, వారి పిల్లలనూ పోషిస్తానని అప్పుడే మాట ఇచ్చాడు.