పెరటిదారిన వచ్చిన చరిత్ర

నవలలను జాతులుగా విడదీసి చూడటం మన విమర్శకులకు మొదటినుంచీ అలవాటు. సాంఘికం, చారిత్రకం, మనోవైజ్ఞానికం, అపరాధ పరిశోధకం, బాలసాహిత్యం అని గూళ్ళు కట్టుకొని, చేతికి వచ్చిన పుస్తకాన్ని ఏదో ఒక గూటిలో పెట్టి, గూటినిబట్టి దాని యోగ్యతను నిర్ణయిస్తూ వచ్చాము. అభ్యుదయ విమర్శ ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రయోజన సాహిత్యం ఒక పక్క, కాలక్షేప సాహిత్యం ఒక పక్క అని గీత గీసింది. ఆ గీత అవసరమైన రోజులు ఉన్నవి, కాదనను. కాని ఈ మధ్య చిత్తూరు జిల్లా రచయితల నవలలను వరసగా, కొన్నిటిని రెండవసారి, చదివిన మీదట ఆ గీత మా ప్రాంతపు నవలా చరిత్రను అర్థం చేసుకోవటానికి అడ్డం వస్తున్నదని నాకు తోచింది. (చిత్తూరు జిల్లా అంటే, 2022లో తిరుపతి వేరు జిల్లా కాకమునుపటి ఉమ్మడి జిల్లా అని పాఠకులు గ్రహించాలి. ఈ రచయితలెవరూ సరిహద్దు రాళ్ళు చూసి వ్రాయలేదు.)

ముందుగా కాలక్రమం చూద్దాం. 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’ వ్రాసిన నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి కర్నూలులో డిప్యూటీ కలెక్టరు. తొలి తెలుగు నవల అదా, లేక 1878లో వెలువడటం మొదలైన కందుకూరి వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్రము’ అవునా అన్న తగవులోకి నేను దిగను. ఆ తగవు సందడిలో ఎవరికీ పట్టని సంగతి ఒకటున్నది: తెలుగు నవల తొలి అడుగుల్లో ఒకటి సీమ గడ్డమీదనే పడింది. తరువాత అది కోస్తాకు వెళ్ళి అక్కడే కాపురం పెట్టింది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ని వ్రాసింది రాయవేలూరు జైలులో. వేలూరు చిత్తూరుకు పొరుగూరు వంటిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అయినా, 1922లో అచ్చయిన ఆ మహానవలలోని పల్లె మా పల్లె కాదు, కోస్తా పల్లె. జైలు మాది, కథ వారిది!

మా జిల్లాలో చదువు లేక కాదు. 1914లోనే ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రకటించిన కట్టమంచి రామలింగారెడ్డిగారు చిత్తూరువారు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లోని కథాకల్పనను వారు విచారించిన తీరు చూస్తే, నవలను అర్థం చేసుకోవటానికి కావలసిన దృష్టి ఆనాడే ఇక్కడ ఉన్నదని తెలుస్తుంది. అయితే ఆ దృష్టి ప్రబంధం మీద నిలిచింది. తిరుపతిలో 1939లో ప్రాచ్య పరిశోధన సంస్థ, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అన్నమాచార్యుల రాగిరేకులకు చేసిన సేవకు తెలుగుజాతి ఋణపడి ఉన్నది. కాని రాగిరేకుల మీద పడిన వెలుగు కొండకింది పల్లెమీద పడలేదు. మదనపల్లెలో పాఠం చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారు రాయలసీమ ఆధునిక సాహిత్యాన్ని గురించి పుస్తకమే వ్రాసి, దానిని సామాజిక చరిత్రతో ముడిపెట్టి విశ్లేషించారు. వారి దారి సరైనదే. దానికి నేను కలపదలచినది ఒక్కటే: అచ్చుకు, పత్రికకు, సినిమాకు చాలాకాలం మా దిక్కు మద్రాసు. పల్లెటూరి బడిపంతులు రాత్రి లాంతరు దగ్గర కథ వ్రాసి టపాలో వేయగలడు. నవలకు తీరిక కావాలి, ప్రకాశకుడు కావాలి. కథాప్రక్రియలో మధురాంతకం రాజారాంగారంతటి రచయితను ఇచ్చిన జిల్లా నవలలో వెనకబడటానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

వెనకబడినవారు రచయితలే గాని పాఠకులు కారు. అద్దె పుస్తకాల దుకాణాల కాలంలో తిరుపతి, చిత్తూరు, మదనపల్లె బస్టాండు వీధులలో ఏ పుస్తకానికి అట్ట నలిగి ఊడిపోయిందో చూస్తే జనం ఏం చదివారో తెలిసేది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’, వారపత్రిక సీరియళ్ళు. వీటిని మేము తరగతిలో ఎత్తము, ఇంట్లో చదువుతాము. యుగంధర్ పరిశోధించే నేరాలు మద్రాసు నగరంలో జరుగుతాయి. ఆయనకు కారున్నది, సహాయకుడున్నాడు, పోలీసు అధికారులు ఆయన మాటకు విలువ ఇస్తారు. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఎందుకంటే, నా లెక్కలో మా జిల్లా వ్రాసిన గొప్ప అపరాధ పరిశోధక నవల డాక్టర్ కేశవరెడ్డిగారి ‘మునెమ్మ’. దీనిని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. 2007లో ‘చతుర’లో వచ్చినప్పటినుంచి స్త్రీవాద కోణంనుంచి, మనోవిశ్లేషణ కోణంనుంచి దీనిమీద వాదప్రతివాదాలు నడిచాయి. కథా నిర్మాణాన్ని మాత్రం చూడండి. జయరాముడు బొల్లిగిత్తను సంతలో అమ్మటానికి తోలుకొనిపోయి తిరిగిరాలేదు. అతని భార్య మునెమ్మ, తోడుగా సినబ్బ అనే కుర్రవాడు, అతడు పోయిన దారిన పోతారు. కనపడినవారినల్లా అడుగుతారు, విన్నదానికి విన్నది ముడివేస్తారు, హంతకుల జాడ తీస్తారు. ఇది పరిశోధన కాక మరేమిటి? తేడా అంతా పరిశోధకురాలిలో ఉన్నది. ఆమెకు కారు లేదు, కాళ్ళున్నవి. పోలీసుల దగ్గర ఆమె మాటకు విలువ ఉంటుందని ఆమే అనుకోదు. చట్టం గడప తొక్కే ఆలోచన రానంత దూరంలో ఒక ఆడమనిషి బ్రతుకుతున్నదన్న చారిత్రక సత్యాన్ని ఉపన్యాసం లేకుండా చెప్పగలిగింది ఆ కథారూపమే. పశువుల సంత, దళారుల లావాదేవీ, దారిపొడుగునా ఊళ్ళు - సీమ గ్రామీణ ఆర్థిక వ్యవస్థ అంతా ఈ వెదుకులాటలో మన కళ్ళముందు నడిచిపోతుంది. నాకు నచ్చనిది మొదటి భాగం. గిత్తకూ మునెమ్మకూ మధ్య రచయిత కల్పించిన మనస్తత్వ సంబంధం కథకు బలమని కొందరంటారు. నాకది మునెమ్మను మనిషిగా చూడనీయకుండా ప్రతీకగా మార్చే ప్రయత్నంగా కనిపించింది. సంతకు బయలుదేరిన తరువాతనే ఆమె మనిషి అయింది.

కేశవరెడ్డిగారు (1946-2015) మా జిల్లా పల్లెలో పుట్టి, పుదుచ్చేరిలో వైద్యం చదివి, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేశారు. పుట్టిన ఊరికి అంత దూరాన ఉండి జీవితాంతం ఆ ఊరినే వ్రాశారు. ఆయన ‘అతడు అడవిని జయించాడు’ను హెమింగ్వే ముసలి జాలరి కథతో పోల్చటం పరిపాటి. ముసలివాడు ఒంటరివాడు, ప్రకృతితో పోరు, చివరికి ఉత్తచేతులు: నిజమే, పోలిక ఉన్నది. కాని ఈ పోలికతో తృప్తిపడితే పుస్తకం చేయిజారిపోతుంది. జాలరి చేపను జయించటానికి పోయాడు. మా ముసలివాడు, పందులు మేపుకొని బ్రతికేవాడు, మందలో తిరిగిరాని చూలు పందిని కాపాడుకోవటానికి అడవికి పోయాడు. ఆ పంది అతనికి ప్రత్యర్థి కాదు, ఆస్తి. ఈనిన పంది మాత్రం అతన్నే శత్రువుగా చూస్తుంది. ఒక సాయంత్రం మొదలై మర్నాటికి ముగిసే ఈ సాహసగాథలో ‘కులం’ మీద చర్చ లేదు. అయితే ఊరు తాకని జంతువుమీద ఊరు తాకని మనిషి బ్రతుకంతా ఆధారపడటమే కులం కదా! విషయాన్ని పేరుపెట్టి పిలవలేదని ఒక పుస్తకానికి అభ్యుదయ సాహిత్యంలో చోటు ఇవ్వకపోతే నష్టం ఎవరికి?

‘మూగవాని పిలనగ్రోవి’లో ఆయన ఇంకొక రూపాన్ని తీసుకొన్నారు. అప్పుల్లో భూమి పోగొట్టుకొన్న బక్కిరెడ్డి కథను, ఊరివారు తరతరాలు చెప్పుకొనే ఐతిహ్యంలాగా నడిపారు. వాస్తవికతావాదులకు ఇక్కడ గొంతులో వెలక్కాయ పడుతుంది. నేను కూడా మొదటిసారి చదివినప్పుడు ఆ అలౌకిక ఛాయల దగ్గర ఆగాను. రెండవసారి చదివినప్పుడు వేరొక ఆలోచన వచ్చింది. రిజిస్ట్రారు కచేరీలో భూమి చేయిమారితే ఒక దస్తావేజు మిగులుతుంది. భూమి పోయినవాని పక్షాన మిగిలేది ఊరు చెప్పుకొనే కత ఒక్కటే. దస్తావేజు లేనివాని చరిత్రకు ఐతిహ్యమే రూపమైతే దానిని అవాస్తవికం అని ఎట్లా అంటాము? ‘ఇన్‌క్రెడిబుల్ గాడెస్’ పేరు చూసి క్షుద్రశక్తుల నవల అనుకొని కొన్నవారు, లోపల కరువుకాలపు మాలపల్లెను చూసి ఉలిక్కిపడి ఉంటారు. అదే చేయి ‘సిటీ బ్యూటిఫుల్’లో వైద్య విద్యార్థి దేవీదాసు మనసును చైతన్యస్రవంతి పద్ధతిలో వ్రాసింది. ఇన్ని జాతుల నవలలు వ్రాసిన రచయితను ఏ గూటిలో పెట్టగలం? ‘చివరి గుడిసె’ మాత్రం నేరుగా సాంఘిక నవలే. అందులోని యానాదుల వెనుక, 1871లో మొదలై, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, 1952లో దేశమంతటా రద్దయిన నేరస్థ జాతుల చట్టం నీడ ఉన్నది. పుట్టుకతోనే మనిషిని దొంగ అనే చట్టాన్ని ఎనభై ఏండ్లపాటు అమలు జరిపిన దేశంలో అపరాధ పరిశోధన అన్న మాటకే వేరే అర్థం వస్తుంది. చట్టం పోయిన తరువాత ఆ పేరు పోయిందా అన్నది మా పోలీసు స్టేషన్ల దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది.

కేశవరెడ్డిగారిలో నాకొక అసంతృప్తి ఉన్నది. పాత్రలు మాట్లాడేది మా భాష. ‘అతడు అడవిని జయించాడు’లో రచయిత కథ చెప్పేది మాత్రం బడిలో నేర్చిన భాష. ఎంత దయగా చూసినా చూసేవాడు మేడమీద ఉన్నట్లే. ఆ మేడను దిగినవారు నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు. 1980లలో పత్రికలో వచ్చిన ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’లో కథ చెప్పే గొంతే పల్లె గొంతు అయింది. ‘మునికన్నడి సేద్యం’ చిన్న నవల. వాన రాని మడిలో రైతు చేసే పనినంతా పనిముట్ల పేర్లతో సహా చెబుతుంది. దానికి ‘రైతు సమస్య’ అని శీర్షిక పెట్టనక్కరలేదు. 2014లో వచ్చిన ‘మూలింటామె’లో డబ్బే లెక్క అయిన కొత్త కాలం ఒక పాతకాలపు ముసలామె ఇంట్లో ఎట్లా దూరిందో చూస్తాము. ఆమె సుద్దులు చెప్పదు. వండుతుంది, పెడుతుంది, తిడుతుంది.

నామిని పేజీలు తరగతిలో చదివినప్పుడు మొదట వెనక బెంచీలలో నవ్వు లేస్తుంది. అది వెక్కిరింపు కాదు, సిగ్గు. ‘యాడికి పోతావుండావు’ అని ఇంట్లో అడిగి వచ్చిన పిల్లలు కళాశాల గేటు దగ్గర ఆ మాటను చెప్పులతోపాటు విడిచి లోపలికి వస్తారు. పాఠ్యపుస్తకం వారికి నేర్పింది అదే. ఒక విద్యార్థిని, “మా అవ్వ మాట అచ్చేస్తారా సార్?” అని అడిగింది. వేశారమ్మా, నలభై ఏండ్లయింది, మేమే మీకు చెప్పలేదు అన్నాను.

మిగిలినవాటిని గురించి క్లుప్తంగా. పాకాల కలువకొలను సదానందగారి ‘అడవితల్లి’కి 2010లో సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది, బాలల నవల అని పెద్దలు దానిని చదవరు. మదనపల్లె ఆర్. ఎస్. సుదర్శనంగారి నవలలలో విమర్శకుడు నవలాకారుని భుజంమీద చేయి వేసి నడిపించటం కనిపిస్తుంది. ఆయన విమర్శే నాకు ఎక్కువ ఇష్టం.

మధురాంతకం నరేంద్రగారి ‘మనోధర్మపరాగం’ (2020) దగ్గర కొంచెం ఆగాలి. 2022లో అకాడెమీ పురస్కారం పొందిన ఈ నవల సంగీతమే వృత్తిగా బ్రతికిన దేవదాసీ వంశాల చరిత్ర. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి దేవదాసీ వ్యవస్థను రద్దుచేసింది. సంస్కర్తల వైపునుంచి చూస్తే అది విజయం. మనం ఇన్నాళ్ళూ అట్లాగే చదివాము. కళను బ్రతికించినవారికి ఆ తరువాత మిగిలినదేమిటి, వారి పాట ఎవరి సభలకెక్కింది అన్న ప్రశ్న ఈ నవల వేస్తుంది. సంస్కరణోద్యమ సంతానమైన మన విమర్శకు ఈ ప్రశ్న మింగుడు పడదు. కాని నవల సంస్కరణను వెనక్కు తిప్పమనటం లేదు; లెక్క పూర్తిగా వ్రాయమంటున్నది. నిడివి మాత్రం ఎక్కువైంది. రాగాలాపనలో విస్తారానికి ఉన్న చోటు వచనంలో లేదు.

వ్రాయవలసిన నవల ఒకటి ఉన్నది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవులలో, ఎర్రచందనం నరకటానికి తమిళనాడునుంచి వచ్చిన 20 మంది పోలీసు కాల్పులలో మరణించారు. అది ఎదురుకాల్పులని ప్రభుత్వం, కాదని హక్కుల సంఘాలు అన్నాయి. నేను చదివిన నవలలలో ఆ తెల్లవారుజాము లేదు. దానిని ఎవరైనా వ్రాస్తే అది అపరాధ పరిశోధక నవలగానే రావాలని నా కోరిక: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పంపగా వచ్చారు, దుంగలు ఎక్కడికి పోతాయి, కూలి ఎంత. వ్రాయబూనేవారికి తమిళం రావాలి. చనిపోయినవారి ఇండ్లలో మాట్లాడేది ఆ భాషే.