సరిహద్దు బడి – బదిలీ పత్రం: నారాయణఖేడ్ ప్రాంతంలో ఉపాధ్యాయ ఉద్యమం, ప్రభుత్వ విద్య

కీలకపదాలు: నారాయణఖేడ్, ఉపాధ్యాయ సంఘాలు, ప్రభుత్వ విద్య, స్థానిక సంస్థల పాఠశాలలు, బదిలీలు, తండా బడులు.

ఉపాధ్యాయ సంఘం అనగానే వేతన సవరణ, కరువు భత్యం, పదోన్నతి, బదిలీ అన్న నాలుగు మాటలే చాలామందికి స్ఫురిస్తాయి. సంఘాలు సర్వీసు విషయాలను దాటి చూడవనే విమర్శ పాతదే. సంఘాలవారు దానికి ఇచ్చే జవాబూ పాతదే: ప్రభుత్వ విద్యా పరిరక్షణ తమ ప్రణాళికలో మొదటి నుంచి ఉందంటారు. ఈ రెండు వాదాలూ సర్వీసు విషయం వేరు, ప్రభుత్వ విద్య వేరు అన్న ఒకే భావన మీద నిలుచున్నాయి. నారాయణఖేడ్ వంటి సరిహద్దు ప్రాంతంలో ఆ భావన నిలవదు. ఇక్కడ ఒక ఉపాధ్యాయుని బదిలీ పత్రమే ఒక బడి భవితవ్యాన్ని నిర్ణయించగలదు. ఈ పరిస్థితి ఎలా ఏర్పడిందో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థానికులు ‘ఖేడ్’ అని పిలుచుకునే ఈ పట్టణం 1956 నవంబరు 1కి ముందు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో తాలూకా కేంద్రం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బీదరు జిల్లాను మైసూరు, బొంబాయి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య పంచింది. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు మెదక్ జిల్లాలో చేరాయి. దీనితో జిల్లా కేంద్రం చేరువలోని బీదరు నుండి దూరపు సంగారెడ్డికి మారింది. పాలనాపరంగా ఇది చిన్న మార్పుగా కనిపించవచ్చు. కానీ ఉపాధ్యాయుల నియామకాలు, తనిఖీలు, బదిలీలు జరిగే చోటుకు ఈ ప్రాంతం ఒక కొసగా మారిపోయింది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడి, ఖేడ్ రెవెన్యూ డివిజన్ కేంద్రమైనా ఆ కొసతనం పోలేదు.

భాష సంగతి మరింత చిక్కైనది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలగలిసి వినిపించే నేల ఇది. నిజాం కాలంలో పై చదువులకు ఉర్దూయే మాధ్యమం. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్రమహాసభ జరిగిన జోగిపేట ఖేడ్‌కు ఎంతో దూరం కాదు. మాతృభాషలో బోధన, ఖానగీ పాఠశాలలపై ఆంక్షల తొలగింపు ఆంధ్రమహాసభ ఉద్యమం ముందుంచిన కోరికలలో ముఖ్యమైనవి. అంటే ఈ ప్రాంతంలో ప్రజల బడి కోసం సాగిన ఆందోళన ఉపాధ్యాయ సంఘాల కంటే ముందుది. సంఘాలు దానిని వారసత్వంగా అందుకున్నాయి. అయితే ఆ వారసత్వంలోని భాషా ప్రశ్నను సంఘాలు కొనసాగించిన తీరు బలహీనమనే చెప్పాలి. 2022-23 నుండి ప్రభుత్వ బడులలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. తండా పిల్లవాడికి ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఆంగ్లం. ఈ విషయంలో సంఘాల వినతిపత్రాలు శిక్షణను గురించి, ఖాళీలను గురించి మాట్లాడినంతగా పిల్లవాడి భాషను గురించి మాట్లాడలేదు.

సంఘాల ఆవిర్భావాన్ని ఇక్కడ స్థూలంగా చూస్తే చాలు. ఎస్.టి.యు. మూలాలు నిజాం పాలన చివరి సంవత్సరాలకు చెందినవి. ఎ.పి.టి.ఎఫ్. కోస్తాలో బలపడి, రాష్ట్రావతరణ తరువాత తెలంగాణకు విస్తరించింది. 1971లో పి.ఆర్.టి.యు., 1974 ఆగస్టులో యు.టి.ఎఫ్. ఏర్పడ్డాయి. 2014 తరువాత ఇవన్నీ తెలంగాణ పేర్లు ధరించాయి. టి.పి.టి.ఎఫ్. వంటివీ పని చేస్తున్నాయి.

వీటన్నింటి కార్యాచరణకు రూపమిచ్చిన అసలు ఘటన 1959 నాటి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం. దీనితో ప్రాథమిక పాఠశాలలు సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి వెళ్లాయి. తెలంగాణలో కొన్ని బడులు మాత్రం నేరుగా ప్రభుత్వ యాజమాన్యంలోనే మిగిలాయి. ఒకే ఊరిలో ఒకే పని చేసే ఇద్దరు ఉపాధ్యాయులు రెండు యాజమాన్యాల కిందికి వచ్చారు. సమితి ఉపాధ్యాయుడు స్థానిక రాజకీయాలకు అందుబాటులో ఉండే ఉద్యోగి అయ్యాడు. అధ్యక్షుని ఆగ్రహం బదిలీ రూపంలో వచ్చేది. గ్రామాల్లో సంఘ సభ్యత్వం రక్షణ కవచమైనది ఈ కారణం చేతనే. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చినా రెండు యాజమాన్యాల చీలిక పోలేదు. ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం ఏళ్ల తరబడి న్యాయస్థానాల్లో నలిగింది. ఫలితంగా మండల విద్యాధికారి పోస్టులు భర్తీ కాక, ఒక ప్రధానోపాధ్యాయుడే తన బడిని చూసుకుంటూ మండలాల బాధ్యతను ఇన్‌ఛార్జిగా మోయవలసి వచ్చింది. సర్వీసు వివాదం పిల్లల చదువు మీద పడే దారి ఇది. తనిఖీ లేని బడి మొదట నష్టపోయేది మనూరు, కంగ్టి వంటి కొస మండలాలలోనే.

మండల స్థాయిలో సంఘం పని ఆర్భాటం లేనిది. సభ్యత్వ నమోదు, మాసపత్రిక పంపిణీ, పదవీ విరమణ సన్మానం, సర్వీసు పుస్తకంలో నమోదు కాని ఇంక్రిమెంటు కోసం కార్యాలయం చుట్టూ తిరగడం, తహసీల్దారుకో రెవెన్యూ డివిజనల్ అధికారికో వినతిపత్రం. పరిశోధకులు వీటిని సాధారణంగా పక్కన పెడతారు. అది పొరపాటు. వినతిపత్రం తెలుగు పాలనా గద్యంలో ఒక స్వతంత్ర ప్రక్రియ. ఒక ప్రాంతపు బడికి ఏ సంవత్సరం ఏది లేదో దానిలో ఉన్నంత సూటిగా నివేదికల్లో ఉండదు.

బదిలీ దగ్గరికి వస్తే సంఘాల బలం, బలహీనత ఒకేచోట కనిపిస్తాయి. నాయకుల ఇష్టానికి అడ్డుకట్టగా వచ్చిన కౌన్సెలింగ్ పద్ధతి సంఘాలు సాధించిన గొప్ప విజయం. మారుమూల ఊళ్లో పనిచేసిన సంవత్సరాలకు ఎక్కువ పాయింట్లు వస్తాయి. న్యాయమైన ఏర్పాటే. కానీ ఆ పాయింట్లతో ఉపాధ్యాయుడు వెళ్లేది సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు. ఖాళీ మిగిలేది ఖేడ్ వైపు. కష్టపడినవారికి ప్రతిఫలం ఆ ఊరిని విడిచిపోవడమే అయినప్పుడు, కొత్త నియామకం జరిగేదాకా ఆ ఊరి బడి ఎదురుచూడాలి. ఈ వైరుధ్యానికి సంఘాలు ఏటా నియామకాలు జరపాలన్న డిమాండును పరిష్కారంగా చూపుతాయి. అది సరైనదే కాని సంపూర్ణం కాదు. గుర్తింపు పొందిన సంఘాల ముఖ్య బాధ్యులకు బదిలీలలో అదనపు పాయింట్లిచ్చే నిబంధన 2023లో హైకోర్టులో వివాదమైందన్న సంగతిని కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. 2021 డిసెంబరు 6 నాటి జీవో 317 ఉపాధ్యాయులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు స్థానికతను, దంపతుల సమస్యను సంఘాలు గట్టిగా లేవనెత్తాయి. మారుమూల బడులలో ఎవరు మిగులుతారన్న ప్రశ్న ఆ గొంతులో సన్నగా వినిపించింది.

తండా బడుల విషయంలో మాత్రం ఈ రెండు ప్రయోజనాలు ఒకటవుతాయి. వానకాలం పంట ముగిశాక చెరకు నరికే పనికి, నగరంలో కూలికి కుటుంబాలు వలస పోతాయి. హాజరు పట్టీ పలచబడుతుంది. ఆ పలచబడిన సంఖ్య ఆధారంగానే హేతుబద్ధీకరణ పేరిట పోస్టు తరలిపోతుంది. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలంటుంది. అమలులో అయిదు తరగతులకు ఒక్కరు మిగిలే బడులున్నాయి. ఆ ఒక్కరూ సమావేశానికి వెళ్తే బడికి తాళమే. ‘తరగతికో గది, తరగతికో టీచరు’ అన్న నినాదం ఉద్యోగుల కోరికా, పిల్లల హక్కూ. పోస్టు తరలించకముందు వలస పిల్లలకు సీజనల్ వసతిగృహం నడపాలని అడగడం కూడా అటువంటిదే.

ఈ బడుల గొంతు చట్టసభకు చేరే మార్గం ఒకటుంది, ఉపాధ్యాయ నియోజకవర్గం. రాజ్యాంగం 171వ అధికరణం ఓటు హక్కును మాధ్యమిక స్థాయికి తగ్గని విద్యాసంస్థలలో బోధించేవారికే ఇచ్చింది. 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చిన మండలిలో ఈ నియమం మారలేదు. ఖేడ్ ప్రాంతం మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ స్థానంలో ఉంది. 2025 ఎన్నికలో ఇక్కడ సంఘ నాయకుడు కాక ప్రైవేటు విద్యాసంస్థల అధిపతి మల్క కొమరయ్య గెలిచారు. సంఘాల చీలికలే కారణమని కొందరు, ప్రైవేటు అధ్యాపకుల ఓట్లని మరికొందరు విశ్లేషించారు. ఏ విశ్లేషణలోనూ కనిపించనిది తండాలోని ఏకోపాధ్యాయ బడి. అక్కడ పనిచేసే సెకండరీ గ్రేడ్ టీచరు సంఘానికి చందా కడతాడు, ధర్నాకు వెళ్తాడు, ఎన్నికల విధుల్లో ఇతరుల ఓట్లు నమోదు చేస్తాడు. ఉపాధ్యాయ శాసనమండలి సభ్యుణ్ణి ఎన్నుకొనే ఓటు మాత్రం అతనికి లేదు.