కట్టిన భాష, పుట్టిన భాష



ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాయమని సంపాదక మిత్రులు అడిగినారు. పాత పే స్కేళ్లు, డి.ఏ. బకాయిల చరిత్ర రాస్తానని మీరు అనుకొని ఉంటారు. అవి మనందరికీ కంఠతా వచ్చినవే. నేను మాత్రం మనుషులు కూర్చొని కల్పించిన భాషల గురించి రాయదలచినాను. ఇందుకు కారణం నా మనుమడు.

2015 జులై 10న 'బాహుబలి' మొదటి భాగం విడుదలైంది. ఆ ఏడు దసరా సెలవులకు హైదరాబాదు నుండి హుజూరాబాద్ వచ్చిన మనుమడు, అప్పటికి ఎనిమిదేండ్ల వాడు, నాలుకతో టకటకమని చప్పుడు చేసుకుంటూ, కాలకేయుల మాటలు అరుచుకుంటూ ఇల్లంతా తిరిగేవాడు. "ఆ పిచ్చి కూతలేందిరా, పుస్తకం తియ్యి" అని కసిరినాను. వాడు చిన్నబోయి, "తాతా, అది నిజంగ భాషనే. దానికి గ్రామర్ గూడ ఉంది" అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత విచారిస్తే వాడన్నదే నిజమని తేలింది.

ఆ భాష పేరు కిలికి. కల్పించినవారు తమిళ సినీ గేయ రచయిత మదన్ కార్కి. ఆయన ఆస్ట్రేలియాలో కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధన చేస్తున్న రోజుల్లో, ఖాళీ సమయంలో చిన్నపిల్లలను చూసుకునే పని చేస్తూ, వాళ్ల కోసం సరదాగా ఒక చిన్న భాష అల్లినారట. రాజమౌళి గారి చిత్రం వచ్చినప్పుడు దాన్నే పునాదిగా పెట్టుకొని, సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో కిలికిని తయారు చేసినారు. అందులో 'నేను' అంటే 'మిన్', 'నీవు' అంటే 'నిమ్'. ఒకదాన్ని తిరగేసి పలికితే రెండోది వస్తుంది. ఎదురెదురుగా నిలబడిన ఇద్దరికి ఎదురెదురు మాటలన్న మాట.

ఇక ఆ నాలుక చప్పుళ్లు. దక్షిణాఫ్రికాలోని జులూ, ఖోసా భాషల్లో ఇటువంటివి మన క, చ, ట లాగా అసలైన హల్లులే. ఆ చప్పుళ్లు మనకూ తెలుసు. ఎవరికైనా కష్టం వచ్చిందంటే 'చ్చు చ్చు' అని జాలి పడతాం. అరక దున్నేటప్పుడు ఎద్దులను నాలుకతోనే అదిలిస్తాం. కాని వాటితో మాటలు కట్టం, అక్షరమాలలో చోటు ఇయ్యం. నోరు అందరికీ ఒక్కటే. ఏ చప్పుడు అక్షరమో, ఏది వట్టి చప్పుడో ఒక్కో భాష ఒక్కో తీరుగా నిర్ణయించుకుంటుంది.

భాషను కట్టినవారిలో కార్కి గారు మొదటివారు కారు. అందరిలోకి పేరు గాంచినవాడు జామెన్‌హోఫ్ అనే కండ్ల డాక్టరు. ఆయన 1859లో బియాలిస్టోక్ అనే పట్టణంలో యూదుల ఇంట పుట్టినాడు. ఆ ఊరు అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు పోలండులో ఉంది. అక్కడ రష్యన్లు, పోలిష్ వాళ్లు, జర్మన్లు, యూదులు ఎవరి భాష వారిది, ఎవరి వాడ వారిది. ఒకరి మాట ఒకరికి తెలియకపోవడమే కొట్లాటలకు మూలమని చిన్ననాడే ఆయన మనసులో పడింది. అందరికీ రెండో భాషగా పనికివచ్చే భాష ఒకటి కట్టి, 1887లో వార్సాలో చిన్న పుస్తకంగా అచ్చువేయించినాడు. పెట్టుకున్న కలం పేరు డాక్టర్ ఎస్పెరాంతో, అంటే ఆశ పెట్టుకున్నవాడు. చివరకు భాషకే ఆ పేరు స్థిరపడింది.

దాని వ్యాకరణం 16 సూత్రాలు, అక్షరాలు 28. మన తెలుగు లాగానే రాసినట్టు చదవడం, చదివినట్టు రాయడం. నామవాచకం ఏదైనా 'ఓ'తో ముగుస్తుంది, విశేషణం 'ఆ'తో. క్రియ చివర 'అస్' ఉంటే ఇప్పటి పని, 'ఇస్' ఉంటే జరిగిపోయినది, 'ఓస్' ఉంటే జరగబోయేది. 'బోనా' అంటే మంచి. ముందర 'మల్' చేర్చి 'మల్‌బోనా' అంటే చెడు. ఒక మాట నేర్చుకుంటే రెండు వచ్చినట్టే.

నన్ను ఆశ్చర్యపరచినది మరొకటి. 'పాత్రో అమాస్ ఫిలోన్' అంటే 'తండ్రి కొడుకును ప్రేమిస్తాడు' అని అర్థం. 'ఫిలో' అంటే కొడుకు, చివరి 'న్' మన ద్వితీయా విభక్తి 'ను' చేసే పనే చేస్తుంది. అందుచేత మాటలను ముందు వెనుకలు చేసినా అర్థం చెడదు. 'కొడుకును తండ్రి ప్రేమిస్తాడు' అని మనం అనడం లేదా, అట్లనే.

1905లో ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో జరిగిన తొలి ప్రపంచ మహాసభకు దాదాపు 700 మంది వచ్చి, దుబాసీలు లేకుండా మాట్లాడుకున్నారు. కాని కాలం కలిసి రాలేదు. 1920లలో నానాజాతి సమితిలో ప్రస్తావన వస్తే ఫ్రాన్సు అడ్డుపడింది. తర్వాత హిట్లరు, స్టాలిను ఇద్దరూ ఆ భాష మాట్లాడేవారిని వేటాడినారు. జామెన్‌హోఫ్ 1917లోనే పోయినాడు. ఆయన ముగ్గురు పిల్లలనూ నాజీలు పొట్టన పెట్టుకున్నారు. అయినా ఎస్పెరాంతో చావలేదు. ఆ భాషలో కలుసుకొని పెండ్లి చేసుకున్న వారి ఇండ్లలో పిల్లలకు అదే ఉగ్గుపాలతో వచ్చిన భాష అయింది. పదహారు సూత్రాలు చేయలేని పని తల్లుల నోళ్లు చేసినవి.

మిత్రులారా, ఇటువంటి ప్రయత్నం మన దఫ్తర్లలో కూడా జరిగింది. నేను కొలువులో చేరిన కొత్తలో పెద్ద గుమాస్తాలు నిజాం కాలపు ఉర్దూలోనే పని నడిపేవారు. ఫైలును మిసిలు అనేవారు, పింఛనును వజీఫా అనేవారు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. పండితులు కూర్చొని ఆఫీసు మాటలకు తెలుగు కట్టినారు. వాటిలో 'కార్యాలయం', 'నివేదిక' నిలిచినవి. 'దూరవాణి' బోర్డు మీదనే ఉండిపోయింది, నోటికి ఫోనే వచ్చింది. 'విశ్రాంత వేతనం' ఎంతో చక్కని మాట, కాని ఒకటో తారీఖున "పింఛను పడ్డదా?" అనే కదా మనం అడుగుతాం. మాటను పండితులు పుట్టించవచ్చు, సాకవలసింది మాత్రం జనమే.

ఇంత చదివిన తర్వాత నాకు నా తప్పు తెలిసి వచ్చింది. మేమూ చిన్ననాడు ఒక భాష మాట్లాడినాం కదా! అదే 'క' భాష. మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. ప్రతి అక్షరానికి ముందు 'క' చేర్చాలి. 'నీవు రా' అంటే 'కనీ కవు కరా'. 'అన్నం' అంటే 'కఅ కన్నం'. ఒత్తును విడగొట్టరాదని, సున్నను దాని అక్షరంతోనే ఉంచాలని మాకు ఏ పంతులూ చెప్పలేదు. బడికి పోని పిల్లలు సైతం తప్పు లేకుండా మాట్లాడేవారు. వ్యాకరణం మాకు తెలియదు, కాని మా నాలుకకు తెలుసు. నేనూ మా అక్కా నాయిన ముందరనే ఆ భాషలో గుసగుసలాడుకుంటుంటే ఆయన "పిచ్చి కూతలు కూయకుండ్రి" అని కసిరేవాడు. అరవై ఏండ్ల తర్వాత అదే మాట నేను మనుమణ్ణి అన్నాను.

2020లో కిలికికి లిపితో సహా వెబ్‌సైటు వెలువరించినారు. ఎంచుకున్న రోజు ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినం. 1952లో అదే రోజున ఢాకాలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు ప్రాణాలు విడిచినారు. అటువంటి రోజున కల్పిత భాషా అని మొదట కోపం వచ్చింది. ఆలోచిస్తే, ఆ విద్యార్థులు అడిగినదీ, ఆ డాక్టరు ఆశపడ్డదీ, మేము పిల్లలుగా చేసినదీ ఒక్కటే అనిపించింది. మన మాట అర్థం చేసుకునే మనిషి ఎదుట ఉండాలి. అంతే.

మొన్న సంక్రాంతికి జమ్మికుంట పోయి అక్కను చూసి వచ్చినాను. ఎనభై దాటింది, మతిమరుపు ముదిరింది. నన్ను గుర్తుపట్టలేదు. బావగారు నా పేరు చెప్పినా లాభం లేకపోయింది. ఏమి తోచిందో, పక్కన కూర్చొని "కఅ కక్కా" అన్నాను. కొంతసేపు నా మొఖం చూసింది. తర్వాత మెల్లగా నవ్వి, "కఏం కరా" అన్నది.

మనుమడు ఇప్పుడు కాలేజీ చదువుతున్నాడు. ఫోనులో నాతో సగం ఇంగ్లీషే. ఈసారి వచ్చినప్పుడు వాడి దగ్గర నేను కిలికి నేర్చుకుంటాను, వాడికి 'క' భాష నేర్పుతాను. మీరు కూడా మీ మనుమలకు నేర్పండి. ఖర్చు లేని పని.

ఇక సెలవు.