టౌ ప్రోటీన్ - నాడీ క్షీణత వ్యాధులు

టౌ ప్రోటీన్ మెదడులోని నాడీకణాలలో అధికంగా ఉండే ఒక ప్రోటీన్. నాడీకణం లోపలి సూక్ష్మనాళికలు ఏర్పడటానికి, అవి విడిపోకుండా ఉండటానికి ఇది తోడ్పడుతుంది. ఈ ప్రోటీన్ సహజ స్థితిని కోల్పోయి పోగులుగా పేరుకొనడం అనేక నాడీ క్షీణత వ్యాధులలో కనిపిస్తుంది. వీటిని టౌ వ్యాధులు అంటారు. అల్జీమర్స్ వ్యాధి వీటిలో ఎక్కువమందికి వచ్చేది.

సహజ స్థితిలో టౌ

నాడీకణానికి ఆక్సాన్ అనే పొడవైన తంతువు ఉంటుంది. వెన్నుపాము నుండి పాదం వరకు పోయే ఆక్సాన్ పొడవు సుమారు ఒక మీటరు. కణదేహంలో తయారైన పదార్థాలు అంత దూరం చేరడానికి సూక్ష్మనాళికలు రైలు పట్టాల వలె ఉపయోగపడతాయి. ఇవి ట్యూబులిన్ అనే ప్రోటీన్‌తో నిర్మితమవుతాయి. ట్యూబులిన్ నాళికలుగా కూడుకొనడానికి సహాయపడే పదార్థాన్ని 1975లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మార్క్ కిర్ష్నర్, ఆయన సహచరులు కనుగొన్నారు. దానికి గ్రీకు అక్షరమైన టౌ పేరు పెట్టారు.

మానవులలో టౌను తయారుచేసే జన్యువు 17వ క్రోమోజోముపై ఉంది. ఈ ఒక్క జన్యువు నుండి వయోజనుల మెదడులో ఆరు రూపాలు తయారవుతాయి. వీటిలో 352 నుండి 441 వరకు అమైనో ఆమ్లాలు ఉంటాయి. సూక్ష్మనాళికను పట్టుకొనే భాగం కొన్ని రూపాలలో మూడుసార్లు, కొన్నింటిలో నాలుగుసార్లు పునరావృతమవుతుంది. ఏ వ్యాధిలో ఏ రూపం పేరుకొంటుందన్నది వ్యాధుల వర్గీకరణకు ఆధారం.

వ్యాధిగా మారే క్రమం

కొన్ని ఎంజైములు టౌకు ఫాస్ఫేటు సమూహాలను చేరుస్తాయి, మరికొన్ని తొలగిస్తాయి. ఫాస్ఫేట్లు మితిమీరితే టౌ సూక్ష్మనాళికలపై పట్టు కోల్పోతుంది. విడిపోయిన టౌ అణువులు ఒకదానికొకటి అతుక్కొని, పోగులుగా మారి, కణంలో చిక్కుముడుల వలె పేరుకొంటాయి. అయితే ఫాస్ఫేట్లు ఎక్కువైనంత మాత్రాన వ్యాధి రాదు. గర్భస్థ శిశువు మెదడులోనూ, శీతాకాల సుప్తావస్థలోని జంతువుల మెదడులోనూ ఇటువంటి టౌ కనిపిస్తుంది. ఆ జంతువులు మేల్కొన్న తరువాత అది మామూలు స్థితికి వస్తుంది.

వికృతమైన టౌ ఒక కణం నుండి మరొక కణానికి వ్యాపించగలదని 2009లో ఎలుకలపై జరిపిన ప్రయోగాలు చూపాయి.

అల్జీమర్స్ వ్యాధిలో టౌ

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, 55 ఏళ్ళ వయసులో మరణించిన ఒక మహిళ మెదడులో రెండు మార్పులను వివరించాడు: కణాల వెలుపల ఫలకాలు, కణాల లోపల తంతువుల చిక్కుముడులు. ఈ తంతువులు జంటగా మెలిదిరిగి ఉంటాయని 1963లో మైకేల్ కిడ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశాడు. అవి టౌతో ఏర్పడినవని 1980ల మధ్యలో తెలిసింది. ఫలకాలు మాత్రం బీటా అమైలాయిడ్ అనే వేరొక పదార్థంతో ఏర్పడతాయి.

1991లో హైకో బ్రాక్, ఎవా బ్రాక్ చిక్కుముడుల వ్యాప్తిని ఆరు దశలుగా విభజించారు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ పరిసరాలలో మొదలై, చివరకు మెదడు పైపొర అంతటికీ ఇవి వ్యాపిస్తాయి. మతిమరుపు తీవ్రత ఫలకాల సంఖ్యతో కంటే చిక్కుముడుల వ్యాప్తితో ఎక్కువగా సరిపోతుంది. మెదడులో ఫలకాలున్నా జ్ఞాపకశక్తి చెడని వృద్ధులు కూడా ఉన్నారు.

ఇతర టౌ వ్యాధులు

* పిక్ వ్యాధి: మూడు పునరావృతాల టౌ పేరుకొంటుంది. ప్రవర్తన, భాష దెబ్బతింటాయి.
* ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ: నాలుగు పునరావృతాల టౌ పేరుకొంటుంది. రోగి తరచు పడిపోతాడు; చూపును పైకి, కిందికి తిప్పలేడు.
* కార్టికోబేసల్ డిజెనరేషన్: ఇదీ నాలుగు పునరావృతాల టౌ వ్యాధి. సాధారణంగా ఒక పక్క చేయి లేక కాలు ముందుగా బిగుసుకుపోతుంది.
* క్రానిక్ ట్రామాటిక్ ఎన్సెఫలోపతీ: తలకు పదేపదే దెబ్బలు తగిలే బాక్సర్లలో, అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారులలో కనిపిస్తుంది. దీనిని మరణానంతరం మెదడును పరీక్షించి మాత్రమే నిర్ధారిస్తారు.

టౌ వ్యాధికి కారణమా, కేవలం ఫలితమా అనే వాదానికి 1998లో ముఖ్యమైన సమాధానం దొరికింది. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వచ్చే ఒక చిత్తవైకల్యానికి టౌ జన్యువులోని ఉత్పరివర్తనలే కారణమని ఆ సంవత్సరం తేలింది. అమైలాయిడ్ ఫలకాలు లేకున్నా, టౌలోని లోపం ఒక్కటే నాడీకణాలను నశింపజేయగలదని దీనివలన రుజువైంది.

నిర్ధారణ, చికిత్స

పూర్వం చిక్కుముడులను మరణానంతరమే చూడగలిగేవారు. జీవించి ఉన్న రోగి మెదడులో టౌను చూపే ఫ్లోర్‌టాసిపిర్ అనే పెట్ స్కాన్ పదార్థాన్ని 2020లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆమోదించింది. రక్తంలో ఫాస్ఫేటు చేరిన టౌను, అమైలాయిడ్‌ను కొలిచి పోల్చే పరీక్షకు 2025లో అనుమతి ఇచ్చింది.

చికిత్సలో ఇంతటి పురోగతి లేదు. 2019లో ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ రోగులపై పరీక్షించిన రెండు ప్రతిరక్షకాలు ఫలితం ఇవ్వలేదు. టౌ ఎక్కువగా కణం లోపలే ఉండటం, ప్రతిరక్షకాలు ప్రధానంగా కణం వెలుపలి టౌనే చేరగలగడం ఇందుకు ఒక కారణమని భావిస్తున్నారు. టౌ ఉత్పత్తినే తగ్గించే మరో పద్ధతిలో, మెదడు-వెన్నుపాము ద్రవంలో టౌ సుమారు సగానికి తగ్గినట్లు 2023లో ప్రకటించిన తొలి దశ పరీక్ష చూపింది. అల్జీమర్స్ వ్యాధికి అమెరికాలో 2023లో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్, 2024లో ఆమోదం పొందిన డోనానెమాబ్ అమైలాయిడ్‌ను తొలగించే మందులు. 2025 నాటికి టౌను లక్ష్యంగా చేసుకొని ఆమోదం పొందిన మందు ఏదీ లేదు.

ఇవి కూడా చూడండి

* అల్జీమర్స్ వ్యాధి
* నాడీకణం
* ప్రోటీన్