కాలి బొటనవేలి పక్కన బుడిపె: కొత్త ఎముక కాదు
కాలి బొటనవేలి మొదట్లో లోపలి వైపు ఎముక ఉబ్బితే దాన్ని బనియన్ అంటారు (తొడుక్కునే బనియన్‌తో సంబంధం లేదు). బళ్లారిలో చూపించుకున్నా, బరంపురంలో చూపించుకున్నా డాక్టరు చీటీలో హాలక్స్ వాల్గస్ అనే రాస్తారు.

మన ఇళ్లలో చాలామంది అక్కడ కొత్త ఎముక పెరిగిందనుకుంటారు. అది నిజం కాదు. బొటనవేలు రెండో వేలి వైపు ఒరిగేకొద్దీ దాని వెనక ఉన్న పాదం ఎముక పక్కకు జరిగి బయటికి పొడుచుకొస్తుంది. అందుకే నూనె మర్దనాకు కరగదు. పాదం తీరు చాలావరకు వంశంలోనే వస్తుంది. ముందు ఇరుకుగా, మడమ ఎత్తుగా ఉండే చెప్పులు దాన్ని ముదరబెడతాయి.

వేళ్ల దగ్గర వెడల్పైన చెప్పులు, మెత్తని ప్యాడ్ నొప్పిని తగ్గిస్తాయి. వేలిని మాత్రం తిన్నగా చేయవు. రాత్రి కట్టుకునే స్ప్లింట్లూ అంతే. రెండో వేలి మెట్టె ఒత్తుతుంటే తీసి పక్కన పెట్టడంలో తప్పేమీ లేదని మేమంటాం.

ఇవేవీ పనిచేయక నడక కష్టమైతేనే ఆపరేషన్. ఎముకను కోసి వరసలో పెడతారు, సుమారు 6 వారాలు ప్రత్యేక చెప్పు వేసుకోవాలి. కేవలం అందం కోసం చేయించుకోవద్దు.

షుగరు ఉన్నవారికి అక్కడ చర్మం ఒరిసి పుండు పడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. రాత్రికి రాత్రి ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి వస్తే అది గౌట్ కావచ్చు, చీము పట్టడమూ కావచ్చు, వెంటనే చూపించుకోవాలి.