నీటిని వెళ్లగొట్టిన నగరం: మెక్సికో నగర భౌగోళిక చరిత్ర

1. పరిచయం

నగరాల చరిత్రను మనం సాధారణంగా రాజుల పేర్లతో, యుద్ధాల తేదీలతో చదువుతాం. ఈ పాఠంలో నేల వాలును, నీటి దారిని బట్టి ఒక నగర చరిత్రను పరిశీలిద్దాం. అది మెక్సికో దేశ రాజధాని. పాఠం చదివిన తరవాత, అక్కడి పాలకులు నీటి విషయంలో తీసుకున్న నిర్ణయాలను, వాటి ఫలితాలను మీరు వివరించగలుగుతారు.

2. నైసర్గిక స్వరూపం

మెక్సికో నగరం సముద్ర మట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అయినా అది కొండ మీది ఊరు కాదు. చుట్టూ పర్వతాలే అంచుగా ఉన్న ఒక పళ్లెం అడుగున ఉంది. ఆగ్నేయాన ఉన్న పోపోకటెపెట్ల్, ఇజ్టాసిహువాట్ల్ అగ్నిపర్వతాల ఎత్తు 5,000 మీటర్ల పైమాటే. ఈ పళ్లానికి నీరు బయటికి పోయే సహజమైన దారి లేదు. అందువల్ల కొండల మీద కురిసిన వాన దిగువకు చేరి అయిదు సరస్సులుగా నిలిచింది. వీటిలో టెక్స్‌కోకో నీరు ఉప్పన; దక్షిణాన ఉన్న సోచిమిల్కో, చాల్కో సరస్సులవి మంచినీరు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. తరవాతి చరిత్రకంతా ఇదే ఆధారం.

3. సరస్సులో నగరం

సంప్రదాయం ప్రకారం 1325లో మెషికా ప్రజలు (అజ్టెక్కులు) టెక్స్‌కోకో సరస్సులోని ఒక దీవిపై టెనోచ్‌టిట్లాన్ నగరాన్ని స్థాపించారు. లోతు తక్కువ నీటిలో బురద, నీటి మొక్కలు పోగుచేసి, అంచుల వెంట చెట్లు నాటి, సాగు మడులు తయారుచేశారు. వీటిని చినాంపాలు అంటారు. తాగునీటిని చాపుల్టెపెక్ ఊటల నుంచి కాలవ ద్వారా తెచ్చుకున్నారు. 15వ శతాబ్ది మధ్యలో నెజాహువల్కోయోట్ల్ ఆధ్వర్యంలో సుమారు 16 కిలోమీటర్ల కట్ట వేశారు. అది వరదను ఆపింది, ఉప్పునీటిని మంచినీటి నుంచి వేరుచేసింది. అయితే వారికి వరద బెడద లేదనుకోకండి. 1500 ప్రాంతంలో అహుయిట్జోట్ల్ రాజు తెచ్చిన కొత్త కాలవ నీరే నగరాన్ని ముంచింది.

4. వలస పాలకుల నిర్ణయం

1521లో స్పానిష్ సేనాని కోర్టెజ్ నగరాన్ని ముట్టడించి, ముందుగా తాగునీటి కాలవను తెంపాడు. గెలిచాక స్పెయిన్‌వారు అదే చోట తమ రాజధానిని కట్టుకున్నారు. కట్ట దెబ్బతింది. కొండలపై అడవులు నరకడంతో మట్టి కొట్టుకొచ్చి సరస్సులు పూడాయి. వరదలు పెరిగాయి. నీటిని పర్వతాల అవతలికి పంపడానికి 1607లో ఎన్రికో మార్టినెజ్ ఆధ్వర్యంలో సొరంగం తవ్వకం మొదలైంది. అయినా 1629లో వచ్చిన వరద నగరాన్ని దాదాపు అయిదేళ్లు వదలలేదు. రాజధానిని మెరకకు మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. కట్టిన భవనాలను, పెట్టిన సొమ్మును వదులుకోవడానికి నగర పెద్దలు ఒప్పుకోలేదు. పోర్ఫీరియో డయాజ్ పాలనలో, 1900లో, మహా కాలవ ప్రారంభమైంది. సరస్సులు చాలావరకు కనుమరుగయ్యాయి.

5. ఫలితాలు

సరస్సు పోయినా దాని అడుగున ఉన్న మెత్తని బంకమట్టి మిగిలింది. పెరిగిన జనాభా కోసం భూగర్భజలాన్ని తోడేకొద్దీ ఆ మట్టి కుంచించుకుపోయింది. 20వ శతాబ్దిలో నగర మధ్యభాగం కొన్నిచోట్ల సుమారు 9 మీటర్లు కుంగింది. 1910లో కట్టిన స్వాతంత్ర్య స్తంభం దీనికి కంటికి కనిపించే సాక్ష్యం. పునాది గట్టిది కాబట్టి స్తంభం నిలిచింది, చుట్టూ ఉన్న వీధి దిగిపోయింది. దాంతో 14 మెట్లు అదనంగా కట్టాల్సి వచ్చింది. మహా కాలవ కూడా వాలు కోల్పోయి పంపుల మీద ఆధారపడింది. 1985 సెప్టెంబరు 19న భూకంప కేంద్రం వందల కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ తీరం వద్ద ఉన్నా, ఈ మెత్తని నేల ప్రకంపనలను పెంచింది. వేలమంది మరణించారు. నేడు వాననీటిని బయటికి తోడే ఈ నగరమే కుట్జమాలా వ్యవస్థ ద్వారా తాగునీటిని వెయ్యి మీటర్లకు పైగా ఎత్తిపోసి తెచ్చుకుంటోంది.

6. సారాంశం

సరస్సును తొలగించడం వల్ల పాత తరహా దీర్ఘకాలపు ముంపు తప్పిన మాట నిజం. కాని దాని స్థానంలో కుంగుబాటు, నీటి కొరత వచ్చాయి. వీటికి ప్రకృతిని మాత్రమే కారణంగా చూపితే జవాబు అసంపూర్ణం. ఎవరి ఆస్తిని కాపాడటానికి ఏ నిర్ణయం జరిగిందో కూడా చరిత్ర విద్యార్థి అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 15వ శతాబ్దిలో వేసిన కట్ట వల్ల కలిగిన రెండు ప్రయోజనాలు ఏవి?
2. 1629 వరద తరవాత రాజధానిని మార్చి ఉంటే 1985 నాటి నష్టం తగ్గేదా? కారణాలతో చర్చించండి.